అమెరికా ఎన్ని గంటలు?

దూరాన్ని కొలవడంలో మన పెద్దల పద్ధతే వేరు. పిలిస్తే పలికేంత దగ్గరుంటే 'కూతవేటు దూరం' అన్నారు. నడిచి వెళ్లే దూరాన్ని ఆమడల్లో చెప్పుకున్నారు. ఇప్పటికీ 'బెజవాడ ఎంత దూరం?' అని తెనాలిలో అడిగితే కిలోమీటర్లు చెప్పేవాళ్లు తక్కువ. 'ఎంతండీ, గంట' అంటారు. మనిషికి కావాల్సింది రోడ్డు పొడవు కాదు. అక్కడికి చేరడానికి తన జీవితంలోంచి ఎంత సమయం ఇవ్వాలన్నదే!

ఇప్పుడు మన ఊళ్లలో ఆ ప్రశ్న బెజవాడ దగ్గర ఆగడం లేదు. 'శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం?', 'చికాగో ఎన్ని గంటలు?' అని అడిగే తల్లిదండ్రులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. దానికి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఒకరు పదిహేను గంటలంటారు. మరొకరు ఇరవై నాలుగంటారు. వెళ్లొచ్చిన అమ్మమ్మగారైతే 'రెండు రోజులు పట్టిందమ్మా' అంటారు. చిత్రమేమిటంటే, వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి నేల ఒంపు వెంట అతి దగ్గరి దారి సుమారు 13,500 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు కాబట్టి ఏ రెండు ఊళ్ల మధ్యయినా దూరం 20 వేలకు మించదు. అంటే మన పిల్లలు వెళ్లగలిగినంత దూరంలో మూడింట రెండొంతులు వెళ్లిపోయారన్నమాట! పెద్ద జెట్ విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. భాగిస్తే పదిహేను గంటలు. మరి మిగతా గంటలన్నీ ఎటు పోతున్నాయి?

దారం చెప్పే దారి

గోడ మీది ప్రపంచ పటంలో చూస్తే అమెరికా మనకు పడమటి దిక్కున ఎక్కడో ఉంటుంది. అరేబియా, యూరప్, అట్లాంటిక్ దాటి పోవాలనిపిస్తుంది. కానీ పిల్లల గ్లోబు తీసుకుని ఓ దారం ముక్కతో హైదరాబాద్‌నీ శాన్‌ఫ్రాన్సిస్కోనీ బిగించి కలపండి. దారం పడమటికి పోదు, తూర్పుకీ పోదు. దాదాపు నేరుగా ఉత్తరానికి పోతుంది. నేపాల్, టిబెట్, మంగోలియా, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ అంచు దాకా ఎక్కి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిస్తే ధ్రువాల దగ్గరి ప్రాంతాలు సాగిపోతాయి. అందుకే దగ్గరి దారి పటం మీద దూరంగా కనిపిస్తుంది.

అయితే విమానం ఆ దారం వెంటే పోతుందా అంటే, పోదు. మొదటి అడ్డు టిబెట్ పీఠభూమి. అక్కడి నేలే సగటున నాలుగున్నర వేల మీటర్ల ఎత్తులో ఉంటుంది. విమానంలో గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకు దించాలి. ప్రయాణికుల మాస్కుల్లో ప్రాణవాయువు వచ్చేది పది, ఇరవై నిమిషాలే. కింద నేలే అంతకంటే ఎత్తులో ఉంటే ఎక్కడికి దిగుతారు? అందుకే చాలా విమానాలు ఆ ప్రాంతాన్ని తప్పించి చుట్టూ తిరిగి పోతాయి. మొదటి అదనపు గంట అలా పుడుతుంది.

వాలుగాలి, ఎదురుగాలి

మన సముద్రతీరాల్లో పడవ నడిపేవాళ్లకు చెప్పనక్కర్లేని సంగతి ఇది. వాలుగాలి ఉంటే దూరం దగ్గరవుతుంది. ఎదురుగాలి ఉంటే దగ్గర దూరమవుతుంది. ఆకాశంలోనూ అంతే. భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, అంటే సరిగ్గా జెట్ విమానాలు ఎగిరే ఎత్తున, పడమర నుంచి తూర్పుకి నదుల్లా గాలులు ప్రవహిస్తుంటాయి. వాటినే జెట్ స్ట్రీమ్‌లు అంటారు. చలికాలంలో వాటి వేగం ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది.

ఈ గాలుల్ని 1920లలోనే బెలూన్లు ఎగరేసి కొలిచినవాడు జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి. తన పరిశోధన ప్రపంచమంతటికీ అర్థం కావాలని దాన్ని ఎస్పరాంటో భాషలో ప్రచురించాడు. ఎస్పరాంటో ఎంతమందికి వచ్చు? ఎవరూ పట్టించుకోలేదు! రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు జపాన్ మీద ఎగిరినప్పుడు ఆ గాలుల దెబ్బ తగిలాకగానీ వాటి సంగతి అందరికీ తెలిసిరాలేదు.

ఈ గాలి మహిమ మన దగ్గరా ఒకసారి వార్తయింది. ఎయిరిండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఆగకుండా విమానం మొదలుపెట్టింది. మొదట్లో అది యూరప్, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి తూర్పుగా, పసిఫిక్ మహాసముద్రం మీదుగా పంపారు. ఆ దారి సుమారు 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది. పాత దారి కంటే దాదాపు రెండు గంటలు తక్కువ! కారణం, వెనక నుంచి తోసిన గాలి.

2024 ఫిబ్రవరిలో అమెరికా నుంచి లండన్‌కు వెళ్తున్న ఒక విమానం ఈ గాలి ఊపుతో నేల మీది లెక్కన గంటకు 1,290 కిలోమీటర్ల వేగం అందుకుంది. అది ధ్వని వేగం కంటే ఎక్కువ. అయినా విమానానికి ఏమీ కాలేదు. ఎందుకంటే గాలితో పోలిస్తే దాని వేగం మామూలే. కదిలే రైల్లో నడిచినట్టు! పోయేటప్పుడు ఒక సమయం, వచ్చేటప్పుడు ఇంకో సమయం టికెట్ మీద ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమైందిగా.

గడ్డి మోసే ఎద్దు

'మధ్యలో ఆగకుండా పోతే చవకే కదా, అన్ని ఊళ్లకీ అలాగే వేయొచ్చుగా?' అనిపించడం సహజం. ఓ ఎడ్లబండిని ఊహించుకోండి. దారిలో ఎక్కడా మేత దొరకదు. మొత్తం ప్రయాణానికి సరిపడా గడ్డి బండి మీదే వేసుకోవాలి. ఆ గడ్డి బరువు లాగడానికి ఎద్దు ఇంకా ఎక్కువ తింటుంది. దానికోసం ఇంకా గడ్డి వేయాలి. విమానం సంగతీ అంతే. చాలా దూరం ఆగకుండా పోవాలంటే, ఇంధనాన్ని మోయడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది.

సింగపూర్ అనుభవమే ఇందుకు ఉదాహరణ. అక్కడి నుంచి న్యూయార్క్ పక్కనున్న నూవర్క్‌కు 2004లో నేరుగా విమానం మొదలైంది. నాలుగు ఇంజిన్ల ఆ విమానం చమురు తాగీ తాగీ గిట్టుబాటు కాక 2013లో ఆగిపోయింది. మళ్లీ 2018 అక్టోబరులో రెండు ఇంజిన్ల ఎయిర్‌బస్ ఎ350తో మొదలుపెట్టారు. అందులో పట్టే ఇంధనం 1,65,000 లీటర్లు. కూర్చునేది మాత్రం 161 మందే! బరువు తగ్గించడానికి మామూలు ఎకానమీ సీట్లే తీసేశారు. 2020 నవంబరులో అదే సంస్థ న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయానికీ మొదలుపెట్టింది. దూరం 15,349 కిలోమీటర్లు. టైంటేబుల్ ప్రకారం పద్దెనిమిది గంటల పైమాటే.

వెనక్కి తిరిగి చూస్తే ఇది ఎంత దూరం వచ్చిన ప్రయాణమో తెలుస్తుంది. 1947 డిసెంబరులో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ సిడ్నీ నుంచి లండన్‌కు సర్వీసు ప్రారంభించింది. 29 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుతూ నాలుగు రోజులకు చేరింది. మన ఎయిరిండియా తొలి విదేశీ విమానం 'మలబార్ ప్రిన్సెస్' 1948 జూన్ 8న బొంబాయిలో బయల్దేరి, కైరో, జెనీవాల మీదుగా లండన్ చేరింది. 1960లో న్యూయార్క్‌కు జెట్ విమానం వచ్చింది. అదీ లండన్‌లో ఆగేది. ముంబయి నుంచి న్యూయార్క్‌కు ఎయిరిండియా ఆగకుండా ఎగిరింది 2007 ఆగస్టులో.

2021 జనవరి మన తెలుగువాళ్లకు గుర్తుండాల్సిన నెల. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు సుమారు 14 వేల కిలోమీటర్లు ఉత్తర ధ్రువం మీదుగా తొలి విమానాన్ని నలుగురు మహిళా పైలట్లే నడిపి తీసుకొచ్చారు. నాయకురాలు కెప్టెన్ జోయా అగర్వాల్. ఆ నలుగురిలో కెప్టెన్ పాపగారి తన్మయి ఒకరు. అదే నెలలో హైదరాబాద్ నుంచి చికాగోకు, సుమారు 13,300 కిలోమీటర్లు, నేరుగా విమానం మొదలైంది. కానీ అది ఎక్కువ కాలం నిలవలేదు. మేత లెక్క ఎక్కడో తప్పితే ఏ బండీ నడవదు.

ఆకాశానికీ కంచెలున్నాయి

నేల మీది సరిహద్దులు ఆకాశంలోనూ ఉంటాయి. ఏ దేశం మీదుగా పోవాలన్నా దాని అనుమతి కావాలి. ఆ దేశం తలుపు మూస్తే చుట్టూ తిరగాల్సిందే. సోవియట్ కాలంలో లండన్ నుంచి టోక్యో వెళ్లే విమానాలు సైబీరియా మీద పోవడానికి వీల్లేక అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి, చమురు పోసుకుని వెళ్లేవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన గగనతలాన్ని యూరప్, అమెరికా విమానాలకు మూసేసింది. దాంతో హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిది గంటలు పట్టే ప్రయాణం పదమూడు గంటలకు చేరింది.

మనకూ ఇది కొత్త కాదు. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తర్వాత పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసింది. జులైలో తెరిచేదాకా ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే విమానాలు గుజరాత్, అరేబియా సముద్రం మీదుగా తిరిగి వెళ్లాయి. ఆ కొద్ది నెలల్లో ఎయిరిండియాకు 491 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని కేంద్ర ప్రభుత్వమే రాజ్యసభకు చెప్పింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఘటన తర్వాత మళ్లీ అదే జరిగింది. ఉత్తర అమెరికాకు వెళ్లే కొన్ని విమానాలు వియన్నా వంటి చోట్ల ఆగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. ఎక్కడో రెండు దేశాలు కోపగించుకుంటే, మన అబ్బాయి పండక్కి రావడానికి రెండు మూడు గంటలు ఎక్కువ పడుతుందన్నమాట.

తేదీ చేసే మాయ

ఇంకో చిక్కుంది. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకంటే పదమూడున్నర గంటలు వెనకుంటుంది. వేసవిలో పన్నెండున్నర. చలికాలంలో ఢిల్లీలో తెల్లవారుజామున నాలుగింటికి విమానమెక్కి పసిఫిక్ మీదుగా పద్నాలుగున్నర గంటలు పోయారనుకోండి. దిగేసరికి అక్కడ అదే రోజు ఉదయం అయిదు! కాగితం మీద గంటే పట్టింది. తిరుగు ప్రయాణంలో ఆ గంటలన్నీ వడ్డీతో సహా కట్టాలి. సోమవారం ఎక్కినవారు ఎదురుగాలికి ఆలస్యమవుతూ మంగళవారమో, బుధవారం తెల్లవారుజామునో దిగుతారు. అందుకే టికెట్ మీద బయల్దేరే వేళ, చేరే వేళ చూసి తీసివేత చేస్తే లెక్క తప్పుతుంది. రెండూ ఆయా ఊళ్ల సమయాలు. 'మొత్తం ప్రయాణ సమయం' అని విడిగా రాసినదాన్నే చూడాలి.

గుమ్మం నుంచి గుమ్మానికి

ఇప్పుడు అమ్మమ్మగారి 'రెండు రోజుల' లెక్క చూద్దాం. తెనాలి నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి కారులో ఆరు గంటలు. మూడు గంటల ముందే అక్కడుండాలి. దుబాయ్‌కి నాలుగు గంటలు. అక్కడ ఎదురుచూపు నాలుగు గంటలు. దుబాయ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దాదాపు 13 వేల కిలోమీటర్లు, పదహారు గంటలు. దిగాక ఇమిగ్రేషన్ వరస, సామాన్లు కలిపి రెండు గంటలు. అమ్మాయి ఇంటికి ఓ గంట. మొత్తం ముప్ఫై ఆరు! అందులో గాల్లో ఉన్నది ఇరవయ్యే. మిగతా పదహారు గంటలూ నేల మీదే పోయాయి.

అరవై ఏళ్లు దాటిన శరీరానికి ఈ ముప్ఫై ఆరు గంటలు చిన్న విషయం కాదు. విమానం లోపలి గాలిలో తేమ పది, ఇరవై శాతమే. గొంతు ఎండిపోతుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే ఒకటి రెండు గంటలకోసారి లేచి నడవాలి. మడమలు, పాదాలు ఆడిస్తుండాలి. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు మానేసే అలవాటు మన ఆడవాళ్లలో ఎక్కువ. అది అసలు వద్దు. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో ముందే డాక్టరుని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. మందులు పెద్ద పెట్టెలో కాదు, చేతిసంచిలోనే ఉండాలి. మందుల చీటీ కూడా.

చాలామంది పెద్దవాళ్లు నడవగలిగినా వీల్‌ఛైర్ అడుగుతారు. కాళ్ల కోసం కాదు, భాష కోసం. తెలియని ఊళ్లో, తెలియని భాషలో, ఏ గేటుకి పోవాలో తెలియని భయం కోసం. అందులో తప్పేముంది? కానీ పిల్లలు ఒక్క పని చేయొచ్చు. విమానం నంబరు, దిగాల్సిన ఊరు, ఫోన్ నంబరు, 'నాకు తెలుగు మాత్రమే వచ్చు' అన్న మాట ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో రాసి ఇస్తే సగం భయం పోతుంది. చేరాక పది రోజులు నిద్ర కుదరకపోయినా కంగారు పడనక్కర్లేదు. శరీరంలోని గడియారం రోజుకు దాదాపు గంట చొప్పునే సర్దుకుంటుంది.

ఫ్రీజర్ పెట్టె పక్కన

ఈ గంటలన్నీ ఒక్కసారి బరువెక్కే సందర్భం ఒకటుంది. దాని గురించి ఎవరూ ముందుగా మాట్లాడరు. ఇంట్లో పెద్దాయన పోయారు. కొడుకు అమెరికాలో ఉన్నాడు. ఊరంతా అడిగే మొదటి ప్రశ్న 'ఎప్పటికి వస్తాడు?' ఫ్రీజర్ పెట్టె తెప్పిస్తారు. పురోహితుడు ముహూర్తం కోసం కాదు, విమానం కోసం చూస్తాడు. ఒకప్పుడు సూర్యాస్తమయంలోగా ముగిసే కార్యం ఇప్పుడు జెట్ స్ట్రీమ్ మీదా, దుబాయ్‌లో అందుకోవాల్సిన విమానం మీదా ఆధారపడింది. మన పల్లెల్లో చావు ఆచారాన్నే మార్చేసిన దూరం ఇది.

ఆ సమయంలో ఎక్కువ ఆలస్యం చేసేది విమానం కాదు. కాగితాలు. పాస్‌పోర్టు గడువు తీరిపోయి ఉంటుంది. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారికి ఓసీఐ కార్డు గానీ వీసా గానీ లేకపోతే బయల్దేరడానికే లేదు. అక్కడ పుట్టిన పసిబిడ్డకూ అంతే. ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఇంకో గుబులు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు దాటితే వచ్చాక తిరిగి వెళ్లగలనా? 'నాన్నని చూడ్డానికి రాలేదట' అని ఊరు అనుకునే మాట వెనక చాలాసార్లు ఉండేది మనసు లేకపోవడం కాదు, ఆ ముద్ర లేకపోవడం.

అందుకే అందరూ బాగున్న రోజునే, ఫోన్లో నవ్వుతూ మాట్లాడుకునే ఆదివారం పూటే, ఈ నాలుగు మాటలూ అనుకోవడం మంచిది. ఎవరి పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉంది? పిల్లల కాగితాలు సరిగ్గా ఉన్నాయా? అకస్మాత్తుగా రావాల్సి వస్తే ఏ దారిన రావాలి? రాలేకపోతే ఎవరు చేయాలి, ఎంతసేపు ఆగాలి? ఇది అశుభం కాదు. మనసులో మాట ముందే చెప్పుకున్న తండ్రి, తాను రాలేని పరిస్థితిలో ఉన్న కొడుకు మీద జీవితకాలపు భారం పడకుండా చూసినట్టే. 'నువ్వు వస్తే మంచిదే. రాలేకపోతే చెల్లి చేస్తుంది. నువ్వు బాధపడకు' అన్న ఒక్క వాక్యం చాలు.

విమానాలు ఇంకా దూరం పోతాయి. సిడ్నీ నుంచి లండన్‌కు, న్యూయార్క్‌కు ఇరవై గంటలు ఆగకుండా ఎగిరే విమానాల కోసం క్వాంటాస్ ఏళ్లుగా సిద్ధమవుతోంది. 2019లో న్యూయార్క్ నుంచి సిడ్నీకి పంతొమ్మిది గంటల పదహారు నిమిషాలు ప్రయోగాత్మకంగా ఎగిరి చూసింది కూడా. నాలుగు రోజుల ప్రయాణం ఒక్క రోజులోకి కుదించుకుపోయింది. ఇంతకంటే తగ్గడానికి ఇక పెద్దగా మిగల్లేదు. భూమి అంతే ఉంటుంది, గాలి తన ఇష్టం వచ్చినట్టే వీస్తుంది. మన చేతిలో ఉన్నది ఆ పదహారు నేల మీది గంటలూ, బీరువాలోని కాగితాలూ, చెప్పుకోవాల్సిన నాలుగు మాటలూ. వాటిని సరిచూసుకుంటే అమెరికా కొంచెం దగ్గరవుతుంది.